ముసుగుల బావగారు

ఆపేసిన టీవీ మనల్ని చూస్తుందా, చూడదా? ఈ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పగలవాడు ఇంతవరకూ ఎదురుపడలేదు. బావకు మాత్రం రవ్వంత అనుమానం లేదు. చూస్తుంది. టీవీ ఒక్కటే కాదు, కంప్యూటరూ, ఫోనూ, కాలింగ్ బెల్లూ, చివరికి కూర వేడిచేసుకునే మైక్రోవేవూ చూస్తాయి. అందుకని గాజు తెరంటూ ఉన్న ప్రతి వస్తువుకూ తనే కొలతలు తీసి, గుడ్డ కత్తిరించి, కింద ఎలాస్టిక్ పెట్టి ముసుగు కుట్టేవాడు. తన ఇంట్లోనే అయితే ఎవరూ ఏమీ అనకపోదురు. ఎవరింటికి వెళ్లినా, ఏ ఆఫీసుకు వెళ్లినా చంకలో సంచి, సంచి నిండా ముసుగులు.

"పాతకాలం వస్తువులే నయం. ఆపితే ఊరుకునేవి. ఇప్పటివి ఆపాకే మనల్ని చూడ్డం మొదలుపెడతాయి," అనేవాడు గొంతు తగ్గించి. వినేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వి, ఇంటికి వెళ్లి, తమ టీవీ ఆపాక ఒకసారి దానివంక తేరిపార చూసేవాళ్లు.

ఒకసారి భార్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు చీటీ రాసేలోగా ఆయన బల్లమీది కంప్యూటరుకు టోపీ పెట్టేశాడు.

"ఏంటండీ ఇది?"

"మీ మంచికే. దాని దృష్టి అంత మంచిది కాదు."

"కళ్ల డాక్టరు పక్క గది," అన్నాడు డాక్టరు. ముసుగు మాత్రం తీయలేదట.

పక్కింటి లెక్చరరుకు కొత్త కంప్యూటరు కొనాలనిపించి సలహా అడిగాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బావ ఇన్సూరెన్సు ఆఫీసులో ఆ మిషన్ల మధ్యే బతికాడు.

"కిటికీల బొమ్మ సిస్టం ఉందే, అది ఇంటి ఓనరు లాంటిది. మనం స్నానంలో ఉన్నప్పుడే తలుపు కొట్టి, గోడలకు సున్నం వేస్తానంటాడు. కొరికిన పండుది అత్తారిల్లు. అన్నీ ఉంటాయి, ఏదీ ముట్టుకోకూడదు. పెంగ్విన్ బొమ్మ సిస్టం సత్రం. డబ్బు అడగరు, కాని గిన్నెలు మనమే తోముకోవాలి."

"మరి ఏది కొనమంటారు?"

"ఏది కొన్నా గుడ్డ నేనిస్తా."

ఇంట్లో ముసుగు లేని యంత్రం కుట్టుమిషను ఒక్కటే. దాని గుణం మంచిదనీ, తన పని తాను చూసుకుంటుందనీ సర్టిఫికెట్ ఇచ్చాడు. వీధిలో ఆయన పేరు ముసుగుల మామయ్య.

బావకు ఒక మరదలు ఉంది, భార్యకు చెల్లెలు. టీవీల షోరూములో అమ్మకాలు చూస్తుంది. యాభై దాటాయి, మొన్ననే అమ్మమ్మ కూడా అయింది, ఆయన నోట మాత్రం ఇంకా చిన్నమ్మాయే. ఆమెకు ఉన్న దిగులల్లా అక్క గురించి. మనవరాలు పుట్టి మూడో నెల నడుస్తోంది, అక్క ఇంకా పసిదాని మొహం చూడలేదు. నిరుడు జ్వరం తగిలి అక్క మూతి ఒక పక్కకు జారింది. చాలావరకు సర్దుకుందని డాక్టరన్నాడు, అక్కా అదే చెప్పింది. కాని అప్పటినుంచి ఎవరింటికీ రాదు. పోనీ వీడియో కాల్ చేద్దామంటే బావ ఫోను తిత్తిలోంచి తీయనివ్వడు. మొగుడి పిచ్చికి సిగ్గుపడి ఎవరి గడపా తొక్కడం లేదు పాపం అని చుట్టాలందరూ తేల్చేశారు. మరదలూ అదే అనుకుంది.

"ఈసారి అక్కను వెంటబెట్టుకునే వస్తా. అడ్డం పడితే ఆయన్నే సంచిలో వేసి మూతి కడతా," అని భర్తతో చెప్పి బయల్దేరింది.

గుమ్మంలో బెల్లుకు టోపీ ఉంది. గుడ్డమీంచే నొక్కింది. తలుపు తీసింది అక్కే, కాని హాల్లోకి అడుగుపెట్టగానే మరదలికి లోపల చాలామంది ఉన్నారనిపించింది. మూలకొకరు, గోడకొకరు, తలలు వంచుకుని కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతుంటే వాళ్ల గుడ్డలు మెల్లగా ఉబ్బుతున్నాయి, మెల్లగా తగ్గుతున్నాయి. నిద్రపోతున్నవాళ్ల ఊపిరిలా.

"ఎవరొచ్చారక్కా?"

"ఎవరూ రాలేదే. నువ్వే."

బావ లోపల్నుంచి వచ్చాడు. "రా చిన్నమ్మాయీ. ఫోను ఇలా ఇయ్యి."

"ఎందుకు బావా?"

"చలేస్తుంది దానికి." తిత్తిలో వేసి బొందు బిగించాడు. అది లోపల్నుంచి మోగితే బావిలో పడ్డ మనిషి పిలిచినట్టుంది.

అసలు సంగతి వెంటనే ఎత్తింది మరదలు. "అక్కను తీసుకెళ్తాను బావా. పసిదాన్ని చూడాలి కదా."

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మీ ఇంట్లో టీవీ ఎంతుంటుంది?"

"గోడంత. షోరూములో తగ్గించి ఇచ్చారు. అయితే?"

"ఫ్రిజ్జు?"

"తలుపుకే తెర ఉంది. ఎంత నాజూగ్గా ఉంటుందనుకున్నారు."

బావ మొహం వాడిపోయింది. "అయితే ఇప్పుడప్పుడే కుదరదు."

"అక్క రాకకూ నా ఫ్రిజ్జుకూ ఏంటి బావా సంబంధం?"

మూలనుంచి, ఎవరూ అడక్కుండానే, ముసుగు కింద మాట్లాడే డబ్బా ఆడగొంతుతో అంది: "క్షమించండి. నాకు అర్థం కాలేదు."

మర్నాడు మధ్యాహ్నం బావ ఎలాస్టిక్ తేవడానికి బజారుకు వెళ్లాడు. మరదలు కొంగు దోపుకుంది. ఈ పిచ్చికి ఇవాళ్టితో సరి అనుకుని టీవీ ముసుగు లాగింది, కంప్యూటరుది లాగింది, మైక్రోవేవుది ఊడబెరికింది. ఒక్కొక్క గుడ్డా జారుతుంటే కింద నల్లటి గాజు బయటపడుతోంది. ఏదీ పనిచేయడం లేదు, అన్నీ ఆపేసే ఉన్నాయి. చివరిది లాగి వెనక్కి తిరిగేసరికి గదిలో ఎవరో కదిలారు. ఆమె ఆగింది. వాళ్లూ ఆగారు. టీవీలో ఒక నల్లటి ఆడమనిషి, కంప్యూటర్లో ఇంకొకతె, మైక్రోవేవులో మరొకతె, పిలవని చుట్టాల్లా ఆమెవంకే చూస్తున్నారు. అందరూ తనేనని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

అప్పుడే అక్క టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో నిలిచిపోయింది.

ఇప్పుడు గాజుల్లో అక్క కూడా ఉంది. ఆ చీకటి వెలుగులో మూతి ఉన్నదానికంటే ఇంకా కిందికి జారినట్టుంది. ఎటు చూసినా అదే మొహం. అక్క అరవలేదు. గ్లాసులు మెల్లగా గట్టుమీద పెట్టి, రెండు చేతులా నోరు కప్పుకుని గోడవైపు తిరిగింది.

"మీ బావ వచ్చారా?" అంది, గోడతో.

మరదలికి తన షోరూము గుర్తొచ్చింది. అక్కడ టీవీలను ఎప్పుడూ ఆపరు. ఆపితే కొనడానికొచ్చినవాడికి తన మొహమే కనిపిస్తుంది, సొంత మొహానికి ఎవరూ అంత ధర పెట్టరు అంటాడు మేనేజరు. రోజూ విని నవ్వే మాటే. ఇవాళ నవ్వు రాలేదు. వాష్‌బేసిన్ వైపు చూసింది. అద్దం ఉండాల్సిన చోట మేకు ఒక్కటే ఉంది. గోడమీది అద్దాన్ని తీసి అవతల పెట్టొచ్చు. ఇంటినిండా, ఊరినిండా ఉన్న ఈ నల్లగాజుల్ని ఎవడు తీసి ఎక్కడ పెట్టగలడు?

బావ వచ్చాడు. ఒక్క చూపులో అంతా చూశాడు. అక్కవైపు మాత్రం చూడలేదు.

"చూశావా చిన్నమ్మాయీ, ఇలా బజారుకెళ్తే చాలు, అన్నీ కళ్లు తెరిచి కూర్చున్నాయి," అంటూ అక్కకు దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్కదానికీ ముసుగు తొడుగుతూ, ఆపకుండా మాట్లాడసాగాడు. "నిన్న లెక్చరరు అంటాడూ, ఆ కంప్యూటర్లో తప్ప ఎక్కడా కనిపించని నాణేలు కొన్నాడట. కింద పడితే మోగని నాణెం నాణెమేనా? దొంగ సంగతి ఆలోచించు పాపం. కష్టపడి గోడ దూకుతాడు, ఇల్లంతా వెతుకుతాడు, ఏమీ దొరకదు. చివరికి మనమే వాడిని కూర్చోబెట్టి పాస్‌వర్డు చెప్పాలి. అది మనకు గుర్తుండి చావదు. ఇక ఇద్దరం ఒకళ్ల భుజం మీద ఒకళ్లం పడి ఏడవాలి."

అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది మరదలు. నవ్వుతోంది. ఇటు తిరిగేసరికి చేతులు నోటిమీంచి జారిపోయి ఉన్నాయి. ఆ నవ్వు ఒక పక్కకే పరుగెత్తింది. పరుగెత్తనీ, నవ్వు నవ్వే.

వంటింట్లో మరదలు మెల్లగా ఎత్తింది. "అక్కా, బావ ఇదంతా నీకోసం..."

"ష్. నాకు తెలుసని ఆయనకు తెలీదు. మొదట్లో నేనూ పిచ్చే అనుకున్నానే. ఆయన సంచి వేసుకుని వీధిలో నడుస్తుంటే జనం ఆయన్నే చూస్తారు. పక్కనున్నదాని మూతి ఎవడు చూస్తాడు?"

"అయితే అవి చూస్తాయని ఆయన నమ్మడా?"

అక్క గిన్నె కడగడం ఆపింది. "అది మాత్రం తెలీదే. నేను పడుకున్నాననుకుని ఆ టీవీ ముసుగు దగ్గర వంగి, దానితో ఏదో మెల్లగా చెబుతుంటారు. నా పేరు వినిపిస్తుంది. ఏం చెబుతారో అడగడానికి నాకు భయం."

హాల్లో ముసుగులు ఊపిరి తీసుకుంటున్నాయి.

మరదలు అక్కను రమ్మని మళ్లీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "బావా, మా ఫ్రిజ్జు తెర జానెడున్నర. టీవీకి గుడ్డ బాగానే పడుతుంది," అంది.

"రంగు?" అన్నాడు బావ.

"మీ ఇష్టం."

కొన్నాళ్లకు బావ సంచితో వాళ్లింట్లో దిగాడు, ఒంటరిగా. కూర్చోమంటే కూర్చోలేదు. ఫ్రిజ్జుకు తొడిగాడు, బెల్లుకు తొడిగాడు. మరదలి భర్త టీవీలో చూస్తున్న ఆట మీద గుడ్డ దిగింది.

"అన్నగారూ, ఇంకొక్క అయిదు నిమిషాలు..."

"వినండి. చూడ్డం కన్నా వినడమే ఆరోగ్యం."

అన్నీ అయ్యాక ఉయ్యాల దగ్గరికి వెళ్లాడు. పసిది మేలుకునే ఉంది. రెప్ప వేయకుండా చూసింది. నల్లటి, తడి తడి కళ్లు. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న మరదలికి బావ ఇంకా ఇంకా కిందికి వంగడం కనిపించింది. ఆ రెండు కళ్లలోనూ రెండు చిన్న చిన్న బావలు కనిపించి ఉంటారు. ఆయన చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయింది.

పసిది బోసినోరు తెరిచి నవ్వింది, ఒక పక్కకు.

బావ చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికి వచ్చింది. ఆయన అలాగే వంగి చాలాసేపు చూశాడు. "మీ పెద్దమ్మమ్మ ఇందులో బాగుంటుంది," అన్నాడు దానితో రహస్యంగా.

మరదలు పొయ్యి కట్టేసి కాఫీ పట్టుకుని వచ్చేసరికి ఉయ్యాల పక్కన ఎవరూ లేరు. భర్త రిమోటు పట్టుకుని ముసుగువైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

"బావ ఏరీ?"

"ఇక్కడే ఉన్నారుగా?"

వీధి తలుపు బార్లా తీసి ఉంది. దూరంగా బస్సులు ఆగే చోటికి బావ పరుగులాంటి నడకతో పోతున్నాడు, భుజాన ఖాళీ సంచి ఎగురుతూ. అక్కను తీసుకురావడానికి, చెప్పాపెట్టకుండా.