సున్నా ఎర్రర్లు

షఫీ పనిమంతుడని నంద్యాలలో తెలిసినవాళ్ళందరూ అంటారు. నిజమే. కానీ పనితనం వేరు, గుండె దిటవు వేరు. ఆ రెండోది అతడికి బొత్తిగా లేదు.

అజయ్ కుమార్ అనే ఆసామి నడిపే చిన్న కంపెనీలో ఉద్యోగం. వాగుల్లో నీటిమట్టం కొలిచి ఆఫీసుకు పంపే పెట్టెలు చేస్తారు. పెట్టెలోని రేడియోను నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, రాసింది షఫీయే. పెట్టెకు మెదడులాంటి కెర్నెల్ నీటి లెక్కను ప్యాకెట్‌గా కట్టి డ్రైవర్ చేతికిస్తుంది. రేడియోలో చోటు లేకపోతే డ్రైవర్ ‘ఇప్పుడు కాదు’ అనే కోడ్ తిప్పి ఇవ్వాలి. అప్పుడు కెర్నెల్ ప్యాకెట్‌ను దాచి మళ్ళీ ఇస్తుంది. సున్నా ఇస్తే పంపేసినట్టే లెక్క. ఇక దాని మొహం చూడదు.

డ్రైవర్ చోటు లేదని ఎన్నిసార్లు చెబితే అన్ని ఎర్రర్లని ఆఫీసు తెర మీద ఎర్రగా పడేది. పెట్టెలు కొనేవాళ్ళ తనిఖీకి ముందురోజు అజయ్ కుమార్ మండిపడ్డాడు.

“ఏందప్పా ఈ ఎరుపు? రేపటికి సున్నా కనపడల్ల. లేదంటే నీ దోవ నువ్వు చూసుకో.”

కుదరదనాల్సిన మనిషి “సరే సార్” అన్నాడు. చోటు లేకపోతే ప్యాకెట్‌ను పారేసి, పంపేశానని సున్నా చెప్పేలా డ్రైవర్‌ను మార్చాడు. తనిఖీవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు. తర్వాత సరిచేద్దామనుకున్నాడు, చేయలేదు.

రెండు నెలలకు అహోబిలం వైపు కుండపోత. అక్కడి వాగు పెట్టెలో లెక్కలు ఒకదాని మీదొకటి వచ్చిపడి రేడియో నిండిపోయింది. డ్రైవర్ అన్నీ పారేస్తూ సున్నా చెబుతూనే ఉంది. తెర మీద పొద్దుటి అంకె అలాగే కూర్చుంది.

మధ్యాహ్నం అక్బర్ ఫోన్ చేశాడు. చెల్లెలు నౌషీన్ మొగుడు, అహోబిలం నుంచి ఆళ్లగడ్డకు జీపు తోలుతాడు.

“బావా, వాగు కాడ ఉండా. నీళ్ళు మడ్డిగుండాయి, లోతు తెలీల్యా. నీ మిషను ఏమంటాది?”

షఫీ తెర చూశాడు. “మోకాల్లోతే బావా. ఒక్క ఎర్రరు గూడా ల్యా. వచ్చెయ్.”

జీపు ఆ సాయంత్రమే దొరికింది. అక్బర్ మర్నాడు దొరికాడు.

మట్టి అయ్యాక అజయ్ కుమార్ షఫీని పక్కకు పిలిచాడు. “పెట్టె వాగులో కొట్టకపాయ. మిగిలిండేది ఆ సున్నానే. మన మీదికి రాదులే.” ఆ నోటికి సిగ్గుండాలి.

ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన నౌషీన్ అన్న చెయ్యి పట్టుకుంది. “నీకు ఫోన్ చేసినాడంట గదన్నా. నువ్వు దిగొద్దనే చెప్పింటావు. ఎప్పుడన్నా ఒకరి మాట ఇన్యాడా ఆ మొండిమనిషి?”

షఫీ నేల చూశాడు.

“చెప్పినా పాపా,” అన్నాడు. “ఇనల్యా.”