గోడకు అంటించిన పరిశోధన

ఈ రోజు పోస్టులో నా పరిశోధన వ్యాసం ప్రతులు పాతిక వచ్చాయి. నూలుకు రంగు అద్దడం మీద రాసింది, ఒక విదేశీ పత్రిక వేసింది. ఆ పత్రిక మా కాలేజీ లైబ్రరీకి రాదు. చందా భరించలేరు.

సాయంత్రం ఒక ప్రతి పట్టుకొని కాశిబుగ్గలో రాజన్న ఇంటికి వెళ్ళాను. ఏడాదిపాటు నాకు రంగుల పని చూపించిన నేతగాడాయన.

"గిది సదువాలంటే పైసలు గట్టాల్నా సారూ?" అని అడిగాడు.

"కొన్ని పత్రికలకు చదివేవాళ్ళు కడతారు రాజన్నా, కొన్నిటికి రాసినవాళ్ళే కడతారు. కార్డు రాసి అడిగినవాళ్ళకు నేను ఊరికే పంపొచ్చు" అన్నాను.

"కార్డెందుకు? తెలుగుల రాసి గీ గోడకు అతికియ్యుండ్రి. అచ్చెటోళ్ళు పొయ్యెటోళ్ళు సదువుకుంటరు."

అక్కడే కూర్చొని ముఖ్యమైన సంగతులు తెలుగులో రాశాను. గంజి పూసి గోడకు అంటించాం. రాజన్న భార్య లచ్చవ్వ వేలు పెట్టి చదువుతూ మూడో వరుసలో ఆగింది.

"ఉప్పు ముందుగాల ఎయ్యాలని రాసిండ్రేంది సారూ? రంగు జర ఎక్కినంక ఏస్తం గదా. ముందే ఏస్తే మచ్చలు పడ్తయి."

ఇంగ్లీషు ప్రతి తీసి చూశాను. అందులోనూ అలాగే ఉంది. అచ్చుకు ముందు ఇద్దరు పండితులు పరిశీలించి బాగుందన్నారు. నేనూ నాలుగుసార్లు చదివాను.

గోడ మీది తప్పును లచ్చవ్వ బొగ్గుతో కొట్టేసింది. ఇంటికొచ్చి పత్రికకు దిద్దుబాటు ఉత్తరం మొదలుపెట్టాను. తప్పు పట్టినవారి పేరు రాశాను, పక్కన హోదా ఏమని రాయాలో తెలియక ఆగాను. ఇదంతా రాసిన ఈ కాగితాన్ని రేపు మా కాలేజీ స్టాఫ్ రూము గోడకు అంటిస్తాను, ఎవరికైనా తోస్తే కిందే రాయండి.