ఉప్పు తినని మిషన్

డ్రైవింగ్ స్కూలు మాస్టారి గురించి ఆయన ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది: మనిషి బంగారం, ఆయన కొన్న వస్తువే బంగారం కాదు. ఈ మాట మొదట అన్నది భార్య. ఎక్కువసార్లు అన్నది మాత్రం మాస్టారే. గొడుగు కొంటే వాన రోజున తెరుచుకోలేదు. ఎండ కాసిన రోజున బస్సులో దానంతటదే తెరుచుకుని ముందు సీటాయన టోపీ ఎగరగొట్టింది. సోఫా కొంటే గుమ్మంలో పట్టక మెట్ల మీదే ఉండిపోయింది. పై అంతస్తులవాళ్ళు వస్తూపోతూ దాని మీద కూర్చుని అలుపు తీర్చుకుని, "మంచి పని చేశారు మాస్టారూ" అని మెచ్చుకున్నారు. "నా హస్తవాసి అలాంటిది" అని ఆయన అందరికంటే ముందు తనే నవ్వేసేవాడు. ఎలాగూ నవ్వుతారు, వాళ్ళు మొదలుపెట్టేదాకా ఆగడం దేనికని.

ఆయన పని పగలంతా పక్క సీట్లో కూర్చోవడం. స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కేవాళ్ళకి "ఎడమకి. నెమ్మది. క్లచ్చు. క్లచ్చండీ" అని చెబుతూ ఉండడం. సాయంత్రానికి నోరు ఆ దారిన పడిపోయేది, ఇంటికొచ్చినా ఆగేది కాదు. భార్య పొయ్యి మీంచి గిన్నె దించుతుంటే "నెమ్మది" అనేవాడు. కాలేజీకి వెళ్ళే కూతురు కుర్చీ జరుపుకుంటుంటే "వెనక చూసుకో" అనేవాడు. వాళ్ళిద్దరూ విసుక్కునేవాళ్ళు, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్ళు.

ఏమీ అననిది అత్తగారొక్కరే. మామగారు పోయాక ఆవిడ వచ్చి బాల్కనీ పక్కనున్న చిన్న గదిలో ఉంటోంది. అల్లుడితో సూటిగా మాట్లాడదు. ఆయన మూరెడు దూరంలో కూర్చున్నా సరే, "అల్లుడుగారు టీ తాగుతారేమో అడగమ్మా" అని కూతుర్ని పిలుస్తుంది. ఆవిడ ఒక్కసారి తిట్టినా బాగుండునని మాస్టారికి ఉండేది. తిట్టుని బట్టి తనని ఏ తరగతిలో వేసిందో తెలుస్తుంది కదా. ఇక మెచ్చుకోవడమంటారా, ఆ మాట దేవుడెరుగు.

ఇలా ఉండగా ఆవిడ చేతులకి దురద పట్టుకుంది. ఆ బిల్డింగులో వచ్చేవి లోతు బోరు నీళ్ళు. కుళాయిల మూతుల చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది, బకెట్ల అడుగు సున్నం వేసినట్టుంటుంది. ఆ నీళ్ళతో సబ్బు నురగ తెప్పించడమంటే రాతి నుంచి నార తీయడమే. పెద్దావిడ చర్మం అసలే ఆరిపోయినది. గోకి గోకి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చారలు పడ్డాయి. డాక్టరు పూతమందు రాసిచ్చి, వీళ్ళు లేవబోతుంటే "స్నానం నీళ్ళు కాస్త మార్చగలిగితే చూడండి" అన్నాడు. ఆ మాట మాస్టారి చెవిన పడింది.

"అత్తయ్యగారి దురద నేను తగ్గిస్తాను" అన్నాడు భార్యతో. "ఇన్నేళ్ళలో ఆవిడకి నా వల్ల ఒక్క సుఖమైనా ఉండాలి కదా."

భార్య ఒకసారి మెట్ల వైపు చూసింది. సోఫా గుర్తొచ్చి ఉంటుంది.

అన్నదే తడవుగా, కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద మంచినీళ్ళ ఫిల్టరు తెచ్చి వంటింటి గోడకి బిగించాడు. తాగడానికి నీళ్ళు కమ్మగా ఉన్నాయి, కాదనడానికి లేదు. కాని ఆయన తెచ్చింది స్నానానికి. ఫిల్టరు కింద బకెట్టు పెడితే అది సన్నటి ధారగా నిండుతూ కూర్చుంది. పొద్దున స్నానానికి పెట్టిన నీళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక తయారయ్యాయి. ఈలోగా అది వద్దని బయటికి వదిలిన నీళ్ళు వంటిల్లంతా పారాయి. కొట్టువాడిని అడిగితే, "ఇది తాగడానికి సార్. స్నానానికి వేరే మిషన్ ఉంటుంది" అన్నాడు. అప్పుడైనా ఆ మిషన్ కొనవచ్చు. కొనలేదు. పైపుకి కట్టే అయస్కాంతాలని ఒకడు అమ్ముతుంటే అవి కొన్నాడు. అవి నీళ్ళనైతే ఏమీ చేయలేదు. కూతురి హెయిర్‌పిన్నులు మాత్రం పోకుండా పట్టి ఉంచేవి.

తర్వాత టీడీఎస్ పెన్ను వచ్చింది. నీళ్ళలో ముంచితే ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో అంకె చూపిస్తుంది. మాస్టారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. కుళాయిలో ముంచాడు, ఫిల్టరు నీళ్ళలో ముంచాడు, చుట్టపు చూపుగా వచ్చిన తోడల్లుడు గ్లాసెత్తి తాగబోతుంటే "ఒక్క క్షణం" అని అందులోనూ ముంచాడు. తోడల్లుడు ఆ నీళ్ళు తాగలేదు. మళ్ళీ త్వరగా రానూ లేదు.

ఎట్టకేలకు కొట్టువాడు చెప్పిన ఆ స్నానం నీళ్ళ మిషన్, సాఫ్ట్‌నర్, వచ్చింది. బాల్కనీలో ఓ నిలువెత్తు గొట్టం, దాని పక్కన ఉప్పు పోసే డబ్బా. గొట్టంలో పంచదార పలుకుల్లాంటి పూసలు. నీళ్ళలోని సున్నాన్ని అవి పట్టేసుకుంటాయి, నిండిపోయినప్పుడు మిషన్ ఉప్పునీళ్ళతో వాటిని కడుక్కుంటుంది. ఫిట్టరు పైపు కోసి, అంతా బిగించి, పక్కనున్న రెండు పిడులు చూపించాడు. "ఇవి ఇలా ఉంటే నీళ్ళు మిషన్‌లోంచి వస్తాయి. అడ్డం తిప్పితే మిషన్‌లోకి పోకుండా..."

"బైపాస్ రోడ్డు లాగా" అన్నాడు మాస్టారు. "ఊళ్ళోకి రాకుండా పక్కనుంచి. తెలుసు, తెలుసు."

"పెన్ను పెడితే అంకె తగ్గదు సార్, సున్నం పోయి దాని బదులు ఇంకోటి వస్తుంది. సబ్బునీళ్ళు గిలక్కొట్టి చూడాలి. ఇంకోటి, పెద్దవాళ్ళకి జారుడుగా అనిపిస్తే..."

"తెలుసయ్యా" అన్నాడు మాస్టారు. ఏం తెలుసో ఆయనకే తెలియాలి.

ఆ వారం ఆ ఇంట్లో పండగే అనుకోండి. మాస్టారు అద్దం ముందు నిలబడి బుగ్గ నిమురుకున్నాడు, పట్టులా ఉంది. కూతురు జుట్టు మెత్తబడిందంది. భార్య బట్టలు తెల్లబడ్డాయంది. రోజూ సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూనే, "అత్తయ్యగారికి దురద తగ్గిందేమో అడుగు" అనేవాడు. లోపల్నుంచి, "తగ్గిందని చెప్పమ్మా" అని వినిపించేది. ఆ ఒక్క మాటకి ఆయన ఒళ్ళు పొంగిపోయేది. ఎండల్లోనూ ఆవిడ పొడుగు చేతుల స్వెట్టరు వదలకపోతే, ఇదేమిటని చాటుగా నవ్వుకునేవాడు. పెన్ను ముంచితే అంకె కదల్లేదు. "కదలదు. అదే సైన్సు" అని ఇంట్లోవాళ్ళకి క్లాసు పీకాడు.

అన్నిటికన్నా గొప్ప ఉప్పుది. ప్రతి ఆదివారం డబ్బా మూత తీసి చూస్తే పోసిన ఉప్పు పోసినట్టే ఉండేది. నెలలు గడిచాయి, గింజ తగ్గలేదు. స్కూల్లో తోటి మాస్టర్ల ఇళ్ళల్లో మిషన్లు బస్తాలకి బస్తాలు మింగుతున్నాయట. "ఉప్పూ కారం తినేవాళ్ళకే కోపతాపాలు. మాది సాధువు. ఉప్పు ముట్టదు" అని ఆయన కాలర్ సర్దుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక సరైన వస్తువు కొన్న మగాడు ఎలా నడుస్తాడో అలా నడిచాడు.

ఆ నడక చూసి బిల్డింగు సెక్రటరీ ఆగాడు. మొత్తం బిల్డింగుకి ఒక పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టిస్తే ఎలా ఉంటుందన్నాడు. ఆదివారం సాయంత్రం అందరూ కింద కూడతారు, మీరే చెప్పి ఒప్పించాలి, అనుభవం ఉన్నవాళ్ళు మీరే కదా అన్నాడు. మాస్టారికి అనుభవం ఉందని అన్న మొదటి మనిషి ఆయన.

ఉత్త మాటలు చాలవని, ఆదివారం పొద్దున మాస్టారు రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో మెట్ల కింది కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో తమ ఇంటి నీళ్ళు. రెండిట్లోనూ ద్రవ సబ్బు నాలుగు చుక్కలు. మొదటిది విరిగిన పాలలా అవ్వాలి, రెండోదాంట్లో నురగ మెడదాకా రావాలి. గిలక్కొట్టాడు. మొదటిది విరిగింది. రెండోదీ విరిగింది. సబ్బు మార్చాడు. మళ్ళీ విరిగింది. కూతురి షాంపూ తెమ్మన్నాడు. కూతురికి సరిగ్గా అప్పుడే చదువు గుర్తొచ్చి గదిలోకి వెళ్ళింది. భార్య అప్పటికే తుడిచిన బల్లని మళ్ళీ తుడుస్తోంది.

"అల్లుడుగారూ."

ఇంకో అల్లుడెవరైనా వచ్చాడేమోనని మాస్టారు వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. అత్తగారు గుమ్మం పట్టుకుని ఆయన వైపే చూస్తోంది.

"సబ్బుది తప్పు కాదు. ఆ మిషన్ పిడులు అడ్డం తిప్పించింది నేను."

"ఎప్పుడు అత్తయ్యగారూ?"

"పెట్టిన మర్నాడే. ఆ నీళ్ళు ఎంత పోసుకున్నా సబ్బు వదిలినట్టుండదు. ఒళ్ళూ, బండా జారిపోతాయి. నా కాలు జారితే కుళాయి పట్టుకుని నిలబడ్డాను. ఈ వయసులో తుంటి విరిగితే మీ అందరికీ బరువైపోతాను. భయమేసి పిల్లని తిప్పమన్నాను. మీకు చెబుదామనే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

అత్తగారు కూతురి వైపు చూసింది. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఎలా చెబుతుంది?" అంది భార్య, బల్ల గుడ్డ పక్కన పెట్టి. "ఆ మర్నాడు మీరు అద్దం ముందు నిలబడి బుగ్గ నిమురుకుని ఈల వేశారు. పెళ్ళయినప్పటి నుంచి మీరు ఈల వేయగా నేను వినలేదు. ఇవాళ వద్దులే, రేపు చెబుదాం అంది అమ్మ. రేపు కూడా వేశారు."

"అయితే నేను నిమురుకున్న బుగ్గ..."

"బోరు నీళ్ళ బుగ్గే నాన్నా" అంది గదిలోంచి కూతురు.

మాస్టారు వెళ్ళి బాల్కనీలో ఉప్పు బస్తా మీద కూర్చున్నాడు. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. వచ్చింది సిగ్గు, దాని వెనకే నవ్వు. చుక్క నీరు తగలని మిషన్‌ని పట్టుకుని ఊరంతా ఊదరగొట్టాడు. సాధువట, ఉప్పు ముట్టదట. ఎలా ముడుతుంది, దానికి నీళ్ళు అందనిస్తే కదా. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈ ముగ్గురూ తన కోసం ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నారని తలుచుకుంటే వచ్చిన నీళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఆ హడావిడిలో, అడగవలసిన అసలు ప్రశ్న ఆయనకి తట్టనే లేదు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. సాయంత్రం కిందికి దిగి, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. "మా మిషన్ నెలల తరబడి బ్రహ్మాండంగా పనిచేసింది. నీళ్ళొక్కటే దాంట్లోకి పోలేదు" అన్నాడు. బుగ్గ సంగతీ దాచలేదు. మూడో అంతస్తు టైలరు నవ్వలేక కుర్చీలోంచి లేచి గోడ పట్టుకున్నాడు.

సెక్రటరీ నవ్వాపుకుని, "ఇంతకీ కొనమంటారా, వద్దంటారా?" అన్నాడు.

"కొనండి. వస్తువు మంచిదే అంటున్నారు. కొనేది నేను కాకుండా చూసుకోండి. కొనే ముందు, ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నేను అడగలేదు."

ఇంటికి వచ్చి ఫిట్టరుకి ఫోను చేశాడు. జారుడుకి మందేమైనా ఉందా అంటే, "పక్కన చిన్న మర ఉంటుంది సార్. అది తిప్పితే కాస్త బోరు నీళ్ళు కలుస్తాయి, జారుడు తగ్గుతుంది. ఆ రోజే చెప్పబోయాను, మీరు తెలుసన్నారు" అన్నాడు అవతలివాడు. మాస్టారు ఈసారి మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా విన్నాడు. కూతురు రబ్బరు చాప తెచ్చి స్నానాల గదిలో పరిచింది. పిడులు నిలువుగా తిప్పి, చెప్పిన ప్రకారం మిషన్‌ని ముందు ఒకసారి కడగనిచ్చారు. అది మూలుగుతూ, గుటకలు వేస్తూ ఉప్పునీళ్ళు తాగింది. డబ్బాలో ఉప్పు మొదటిసారి కిందికి దిగింది.

"అత్తయ్యగారూ, మీరు కుళాయి కింద చెయ్యి పెట్టి చెప్పండి. ఎంత తిప్పమంటే అంత తిప్పుతాను" అన్నాడు మాస్టారు.

స్నానాల గదికీ బాల్కనీకీ మధ్య ఒక కిటికీ. ఆవిడ కుళాయి విప్పింది. ఇంట్లో ఎప్పుడూ వేసుకునే ఆ పొడుగు చేతుల స్వెట్టరు, ఉక్కపోతలో కూడా ఇదేమిటని ఆయన చాటుగా నవ్విన స్వెట్టరు, దాని చెయ్యి మోచేతి పైకి మడిచింది. మణికట్టు నుంచి పైదాకా చారలు. పాత చారలు మానిన చోటే కొత్తవి. కొన్నిచోట్ల చర్మం రేగి నెత్తురు చెమర్చి ఎండిపోయి ఉంది.

రోజూ చెప్పులు విప్పుతూ తను అడిగిందీ, లోపల్నుంచి ఆవిడ జవాబు చెప్పిందీ మాస్టారికి ఒక్కసారే చెవుల్లో మోగాయి. మర పట్టుకుని తిప్పాడు.

"ఆఁ. జారుడు తగ్గింది" అంది అత్తగారు. "చాలు. బాగుంది."

"నిజంగా బాగుందా అత్తయ్యగారూ? నాకోసం అంటున్నారా?"

ఆవిడ చేతిని నీళ్ళ కింద అటూ ఇటూ తిప్పుకుంది, వేళ్ళతో రుద్ది చూసుకుంది, ఆలోచించింది.

"ఇంకొంచెం తిప్పండి" అంది.