తట్టి చూడమన్న మాస్టారు

వేసవి మొదలవగానే మా వీధికి కుండల బండి వస్తుంది. మా ఆవిడ ఒక్కో కుండనూ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తడుతుంది. ఖంగుమంటే ఇంట్లోకి, బొదబొదమంటే తిరిగి బండిలోకి. ఆ చప్పుడు వినబడితే నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేస్తాను. యోనా మాస్టారు గుర్తొస్తారు. ఆయన కుమ్మరి కారు. కురుపాం అవతల, కొండల కింద, మిషన్ బడిలో మాకు లెక్కలు చెప్పిన మనిషి. లెక్కలు నాకు రాలేదు గానీ, అందులో ఆయన తప్పేమీ లేదు.

అవి పంతొమ్మిదివందల ఇరవైల నాటి రోజులు. నేను విజయనగరంలో బీయే పూర్తిచేసి, దేశం నాకోసం ఎదురుచూస్తోందన్న నమ్మకంతో ఇంటికొచ్చి, దాన్ని మరికొన్ని నెలలు ఎదురుచూడనిచ్చాను. అప్పుడే మాస్టారు తాలూకా బోర్డు ఎన్నికలకు నిలబడ్డారు. కారణం గెడ్డ. కొండల్లోంచి దిగే ఆ ఏరు వానాకాలం పొంగితే అవతలి ఊళ్ళకు సంతా ఉండదు, బడీ ఉండదు. ముందటేడు బడికొస్తున్న గుంట ఒకతె అందులో కొట్టుకుపోయింది. మాస్టారు ఆ సంగతి ఏ మీటింగులోనూ ఎత్తలేదు. వంతెన కావాలని మాత్రం అనేవారు. ఎదురు నిలబడింది కలప కాంట్రాక్టరు సత్తిరాజు గారు. చెడ్డమనిషేమీ కాదు, పండగలకు ఊరందరికీ భోజనాలు పెట్టేవారు. కాకపోతే కొండమీద కొట్టించిన దుంగల్ని వరదలో తేల్చి కిందికి దింపుకునేవారు. గెడ్డకు అడ్డంగా వంతెన స్తంభాలు లేస్తే దుంగలు వాటికి తగులుకుంటాయి. అందుచేత వంతెన మీద ఆయనకు పెద్దగా అభిమానం లేదు.

నేను మాస్టారి ఏజెంటునయ్యాను. మొదటి ప్రయాణం కొండమీది ఊరికి. పన్ను కట్టేవాళ్ళకే ఓటున్న కాలం కనుక అక్కడ ఓటర్లు కొద్దిమందే. కానీ పోటీ ఎంత బిగువుగా ఉందంటే, ఆ కొద్దిమందే ఎన్నికను అటో ఇటో తిప్పగలరు. వాళ్ళంతా ఊరిపెద్ద సోమయ్య మాట వింటారు. ఆయన వాకిట్లో చోడి అంబలి తాగి, నేను లేచి నిలబడి, “మీ అమూల్యమైన ఓటును మాకే ఇవ్వవలసిందిగా ప్రార్థన” అన్నాను. విజయనగరంలో అయితే ఇక్కడ చప్పట్లు పడేవి.

“ఓటేటి బాబూ?” అంది సోమయ్య భార్య. “మా ఇంట ఓటికుండలు నేవు. సంతలో తట్టి మరీ తెత్తాను.”

ఊరంతా నవ్వింది. పగిలి కారే కుండను ఓటికుండ అంటారన్న సంగతి బీయేలో చెప్పరు. నేను పౌరహక్కుల గురించి మొదలుపెట్టబోయాను. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. కూర్చోమని దాని అర్థం, చిన్నప్పటినుంచీ.

“అమ్మా, మా బీయేకి కుండల సంగతి తెలీదు. నువ్వన్నదే మాట. సత్తిరాజు గారొక కుండ, నేనొక కుండ. తీసుకునే ముందు తట్టి చూడండి.”

అంతవరకూ చుట్ట కాలుస్తున్న సోమయ్య దాన్ని పక్కన పెట్టాడు. “అలగయితే తడతాను, కాసుకో మేష్టరు బాబూ. వంతెన కడితే దుంగలాగిపోతాయి. దుంగలాగితే వానల్లో మాకు కూలి నేదు. అప్పుడు మా పిల్లలేటి తింతారు? నీ వంతెన తింతారా?”

దీనికి నా దగ్గర ఎంతో మంచి జవాబు ఉంది. అందులో ప్రపంచ పురోగతి కూడా ఉంది. మాస్టారు మాత్రం, “తెలీదు సోమయ్యా” అన్నారు.

“తెలీదంటే?”

“తెలీదంటే తెలీదు. గెలిస్తే వంతెన అడుగుతాను, అది ఖాయం. నీ కూలి పోకుండా ఎలాగన్నది ఇంకా నాకు తోచలేదు. తోచినట్టు చెప్తే నువ్వు మళ్ళీ తడతావు.”

“కుండ పగల్నేదు గానీ ఖాళీగుంది” అంది సోమయ్య భార్య. అందరికంటే ఎక్కువ నవ్వింది మాస్టారే.

దిగి వస్తూ దారంతా నేను వాపోయాను. “కనీసం ‘ఆలోచిస్తాం’ అనాల్సింది మాస్టారూ.”

“ఆలోచించాను కదరా. ఆలోచిస్తేనే తెలీదని తెలిసింది.”

ఆ వారమే సత్తిరాజు గారు అదే వాకిట్లో కూర్చుని, అడిగినదానికల్లా సరేనన్నారు. పోలింగునాడు చావడిలో రెండు పెట్టెలు పెట్టారు: మాది పచ్చది, ఆయనది ఎర్రది. సోమయ్య తన వాళ్ళను వెంటబెట్టుకుని దిగాడు. నావైపు చూడనైనా చూడలేదు. ఓటమిని హుందాగా అంగీకరించే ఉపన్యాసం ఒకటి నేను మనసులోనే తయారుచేసుకున్నాను. చాలా బాగా కుదిరింది. దాని అవసరం రాలేదు. మాస్టారు గెలిచారు, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్ల తేడాతో. తరువాత సోమయ్యను అడిగితే, “కాంట్రాక్టరు అన్నిటికీ ‘ఓ’ అనే అన్నాడు. ఎక్కడ తట్టినా ఒకే సప్పుడొస్తే అనుమానం కాదేటి?” అన్నాడు.

మర్నాడు నేను పూలదండలతో, డప్పులతో ఊరేగింపు సిద్ధం చేశాను. మాస్టారు డప్పులవాళ్ళకు దణ్ణం పెట్టి పంపేసి, నన్ను తీసుకుని నేరుగా సత్తిరాజు గారి కలప అడితీకి నడిచారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“ఏం మాస్టారూ, ఓడినోడి మొహం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చేరా?”

“కాదండీ. అడగడానికొచ్చేను. నిండు వరదలో మీ దుంగ ఎంత ఎత్తున వస్తుంది? వంతెన దానికి పైన ఉండాలి కదా. స్తంభాలు ఎంత ఎడంగా ఉంటే తగలవు?”

సత్తిరాజు గారు కుర్చీలో ముందుకు వంగారు. “ఈ ముక్క ఎన్నికకు ముందే అడగొచ్చుగా?”

“అప్పుడడిగితే నిజం చెప్పేవారా?”

ఆయన నవ్వకుండా ఉండాలని చూశారు గానీ సాధ్యపడలేదు. లేచి, పంచె ఎగ్గట్టి, మాకంటే ముందే గెడ్డలోకి దిగి, బండరాయి మీద వరద ఎక్కడిదాకా వస్తుందో, దుంగలు ఏ వొంపులో తిరుగుతాయో చెయ్యెత్తి చూపించారు. సోమయ్యకు ఇవ్వాల్సిన జవాబు ఆయన అరచేతి కిందే ఉంది.

బోర్డు తన తీరున తాను ఆలోచించింది. నేను లా చదివి, ప్లీడరుగా బోర్డు తగిలించుకునే నాటికి వంతెన లేచింది. వరద చూడని వాళ్ళు దాన్ని చూసి, ఇంత చిన్న గెడ్డకు ఇంత ఎత్తెందుకని నవ్వుతారు. వానల్లో ఒకసారి వచ్చి చూస్తే, కింద దుంగలూ పైన బడిపిల్లలూ ఒకరికొకరు అడ్డం లేకుండా పోతుంటారు.

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ నేను కేసు గెలిచిన మర్నాడు ఓడిన వారి ఇంటికి వెళ్తాను. తోటి ప్లీడర్లు దీన్ని నా జబ్బుల్లో ఒకటిగా చెప్పుకుంటారు. కొందరు తలుపు తియ్యరు. ఒకాయన కుక్కను వదిలాడు, చురుకైన కుక్క. ఎక్కువమంది మాత్రం కుర్చీ జరుపుతారు. నేను కూర్చుని, నాకు తెలియనిది అడుగుతాను.