ఎదురుగాలి లెక్క

ఆ రోజుల్లో మా బోగోలులో ఇంగ్లీషు చదవడం వచ్చినవాడికి అన్నీ వచ్చునని లెక్క. డిగ్రీ చదువుతున్న నేను ఆ లెక్కను ఎన్నడూ కాదనలేదు. అందుకని, కువైట్‌లో నర్సుగా ఉన్న కూతురి కాన్పుకని మా మేనత్తకు వచ్చిన విమానం టికెట్టు తిన్నగా నా చేతికే వచ్చింది. అత్తకు విమానమంటే హడలు. ఎంతసేపు గాల్లో ఉండాలో తెలిస్తేనే ఎక్కుతాననీ, లేకపోతే ఇక్కణ్ణుంచే ప్రార్థన చేస్తాననీ తేల్చి చెప్పింది. కూతురికేమో తొలి కాన్పు, అక్కడ అయినవాళ్లు ఎవరూ లేరు.

టికెట్టు ప్రకారం చెన్నైలో ఉదయం ఆరింటికి ఎక్కితే కువైట్‌లో ఎనిమిదింటికి దిగడం. ఎనిమిదిలోంచి ఆరు తీసేశాను (తీసివేతలో నేనెప్పుడూ తప్పలేదు). మూడున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం రెండు గంటల్లో ఎలా పోతుందన్న అనుమానం నాకు రాలేదు, విమానం కదా అనుకున్నాను. తిరుగు ప్రయాణం మాత్రం పదింటికి ఎక్కితే సాయంత్రం ఐదింటికి దిగడం. పోను రెండు గంటలు, రాను ఏడు గంటలు ఎందుకని అత్త అడిగింది. "ఎదురుగాలి అత్తా" అన్నాను. సముద్రం ఒడ్డు వాళ్లం, పడవలు చూసిన కళ్లు. ఆ మాట మీద ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. అత్త ధైర్యంగా ఎక్కింది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుందని కాలేజీలో ఒకడు చెప్పేసరికి ఆమె వెళ్లి వారమైంది.

మనవరాలిని ఎత్తుకుని, మూడు నెలలుండి తిరిగొచ్చిన అత్త ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. నేను వెనక బెంచీలో తల వంచుకున్నాను.

"రెండు గంటలు అయినాక చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూసున్నా. విమానం దిగలా. దారి తప్పినాడనుకున్నా. అడుగుదామంటే భాష రాదు. బిడ్డ మొగం చూడకుండానే పోతానేమోనని ఇంకో రెండున్నర గంటలు ప్రార్థన చేసినా. వచ్చేటప్పుడు ఏడు గంటలు, ఎదురుగాలి. దేవుడు ఆ గాలి తిప్పినాడు. నాలుగున్నర గంటల్లో దించినాడు. కావాలంటే మా అబ్బయ్యని అడగండి, టికెట్లో ఎంత ఉండిందో."

పాస్టరు గారు నా వైపు చూశారు. లేచి నిలబడి, ఏడు గంటలే ఉండిందన్నాను. అందులో అబద్ధం లేదు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆ తర్వాత మా ఊళ్లో నా ఇంగ్లీషుకు విలువ ఇంకాస్త పెరిగింది.

ఇప్పుడు ఎంత దూరమో, ఎన్ని గంటలో ఫోనే చెబుతుంది. ఈ మధ్య నేనూ అదే విమానంలో కువైట్ వెళ్లాను. రెండు గంటలు కాగానే నా చెయ్యి దానంతటదే సంచి మీదికి పోయింది. కిందికి చూస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. అక్కడి నుంచి ఇంకో రెండున్నర గంటలు ఎంత పొడుగుంటాయో అప్పుడు తెలిసింది, నవ్వు రాలేదు. దిగేటప్పుడు మాత్రం కొంచెం వచ్చింది, ఎందుకంటే అప్పటికే చెప్పులేసుకుని ఉన్నాను.