ఫెన్సింగ్‌లో డ్రా ఉండదు

1998 జూన్‌లో నన్ను రాష్ట్ర ఫెన్సింగ్ సంఘం ఎన్నికలకు పరిశీలకుడిగా వేశారు. అప్పుడు నేను బెంగళూరులో క్రీడాశాఖ సహాయ సంచాలకుణ్ణి. ఏనాడూ కత్తి పట్టినవాణ్ణి కాను. పరిశీలకుడు సర్వసభ్య సమావేశంలో కూర్చుని, అంతా నియమావళి ప్రకారం జరిగిందని నివేదికపై సాక్షిగా సంతకం చేయాలి. ఆ సంతకం ఉంటేనే సంఘానికి ప్రభుత్వ గుర్తింపు. గుర్తింపు ఉంటేనే ఏటా గ్రాంటు.

ఆ గ్రాంటు పోటీల నిర్వహణకే చాలేది కాదు. ముసుగులు, జాకెట్లు, విదేశీ కత్తులు అధ్యక్షుడే తెప్పించేవాడు. ఆయన గ్రానైట్ వ్యాపారి. సామానంతా ఆయన గోదాములో ఉండేది, ఎవరికివ్వాలో ఆయనే చెప్పేవాడు. ఓట్లు మాత్రం జిల్లా శాఖలవి. ఏటా జిల్లా పోటీ జరిపి, స్కోరు పత్రాలు దాఖలు చేసిన శాఖకే ఓటు.

ఆ ఏడు ఎజెండాలో ఒక తీర్మానం ఉంది: దొడ్డబళ్ళాపురంలో నడిచే జిల్లా శాఖను రద్దు చేయాలని. దాని కార్యదర్శి లక్ష్మీదేవమ్మ అక్కడి బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని. కిందటి ఎన్నికలో అధ్యక్షుడికి ఎదురు ఓటు వేసింది. కొత్త కత్తులు అడిగితే గోదాము తెరవలేదు. పాతవాటితో పోటీ జరిపితే అది చెల్లదన్నారు. శాఖ రద్దయితే ఆమె దగ్గర నేర్చుకున్న ఆరుగురు నేతగాళ్ళ ఆడపిల్లలకు రాష్ట్ర పోటీలో ప్రవేశం లేదు.

సమావేశానికి వారం ముందు తనిఖీకి వెళ్ళాను. బడి వరండాలో ఇద్దరు పిల్లలు సాధన చేస్తున్నారు. సమయం ముగిసేసరికి చెరి నాలుగు పాయింట్లు. డ్రానా అని అడిగాను. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

“డ్రా అనేదే లేదు సార్. చీటీ తీసి ఇంకో నిమిషం ఆడిస్తాం. అప్పుడూ ఎవరికీ పాయింటు రాకుంటే చీటీ వచ్చిన పాపే గెలిచినట్టు,” అంది లక్ష్మీదేవమ్మ.

సమావేశంలో అన్ని శాఖల స్కోరు పత్రాలు అడిగాను. అలా అడిగే ఆనవాయితీ లేదు. నాలుగు జిల్లాల పత్రాల్లో కొన్ని ఆటల ఎదురుగా ‘డ్రా’ అని రాసి ఉంది. ఇదేమిటని వాటిలో ఒక సరిహద్దు జిల్లా ప్రతినిధిని అడిగాను. ఆయన తడుముకోలేదు.

“ఇద్దరూ సమంగా ఆడినారు సార్. ఎవర్నీ నొప్పించేది వద్దని.”

వెనక వరస నుంచి లక్ష్మీదేవమ్మ గొంతు వినిపించింది. “మా పాపలు వింటే నగుతారప్పా. నువ్వు చూసింది కబడ్డీ అయ్యుంటాది, బ్యానరు చదువుకోలేదేమో.”

హాలంతా నవ్వింది. అధ్యక్షుడు నవ్వలేదు. నా పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. “మీరు ఊరికే సాక్షి కదా సార్. సంతకం పెట్టి, భోంచేసి పోండి. కత్తులు కొనేదానికి నేనుండాను.”

ఊరికే సాక్షి. ఇరవై ఏళ్ళు శనివారం తప్పకుండా మా భజన గోష్ఠిలో కూర్చున్నవాణ్ణి. భగవంతుడు ప్రతి హృదయంలో సాక్షిగా ఉంటాడని మా పెద్దలు చెప్పగా విని, నమ్మినవాణ్ణి. సాక్షి అనే ఆ భగవంతుడి పేరునే కొలువు పేరుగా మోస్తూ అబద్ధం కింద సంతకం చేయలేనని చెప్పాను.

“దేవుడికి గ్రాంటు అక్కర్లేదు సార్, సంఘానికి కావల్ల,” అన్నాడాయన.

పోటీలు జరపకుండానే పత్రాలు రాసిన ఆ నాలుగు శాఖలకు ఓటు హక్కు లేదని, దొడ్డబళ్ళాపురం శాఖకు ఉందని, ఎన్నిక చెల్లదని నివేదిక రాశాను. మార్చి రాస్తే బెంగళూరులోనే ఉండవచ్చని అధ్యక్షుడి మనుషులు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పారు. మార్చలేదు. రెండు నెలలకు గుల్బర్గాకు బదిలీ అయింది, వెళ్ళాను.

ఆ ఏడు గ్రాంటు ఆగింది, రాష్ట్ర పోటీ జరగలేదు. మరుసటి ఏడు తాత్కాలిక కమిటీ ఎన్నిక జరిపాక పోటీ పెట్టారు. ఆరుగురిలో నలుగురే ఆడారు. ఇద్దరికి వయోపరిమితి దాటిపోయింది.

డబ్బు పెట్టినవాడు కత్తులకు యజమాని. పరిశీలకుడు సంతకం చేసి అప్పగిస్తే తప్ప సంఘానికి యజమాని కాలేడు. నేను నేర్చుకున్నది ఇంతే. ఆ ఇద్దరు పిల్లల ఏడాది నా వల్ల కూడా పోయింది. అది తెలిసే చెబుతున్నాను, ఆ కాగితం ఈరోజు ముందు పెట్టినా సంతకం చేయను.