పేరంటాలికి మామ్మ చెప్పిన జబ్బు

మొన్న మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర తన ఫోను నా ముందు పెట్టి, మూడు ఆసుపత్రుల బొమ్మలు చూపించి, ఏటా చేయించే పరీక్షలే కదమ్మా, నీకు నచ్చినదాని మీద వేలు పెట్టు అంది. కౌలాలంపూర్‌లో ఆసుపత్రులు మన పెళ్ళిమండపాల కంటే బాగుంటాయి. ఒకదాంట్లో చేపల తొట్టె ఉంది, ఒకదాంట్లో రక్తం తీశాక ఫలహారం ఉచితమట, మూడోదాంట్లో పియానో ఉంది. రోగం ఉందో లేదో తెలుసుకోవడానికి వెళ్ళేవాళ్ళకి పియానో ఎందుకో నాకు అంతుపట్టలేదు. నవ్వుతూనే వేలు చాపాను గాని, చాపిన వేలు ఫోను దాకా వెళ్ళలేదు. నువ్వే చూడవే అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. చాదస్తం అనుకుని ఉంటుంది. పెళ్ళయి ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా, చిన్నప్పుడు ఒకసారి నా చేత ఆసుపత్రి ఎంపిక చేయించిన సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు. మీలో నా ఈడువాళ్ళు ఉంటారు కాబట్టి, వెర్రిదాన్ని అనుకోరన్న ధైర్యంతో మీకు చెబుతున్నాను.

యాభైల్లో మేము చోడవరంలో ఉండేవాళ్ళం. నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్ళు. చెరకు గానుగలు ఆడే కాలం, ఊరంతా బెల్లం పాకం వాసన, మాడుగుల బస్సు దిగినవాళ్ళ బట్టలకి కూడా అదే వాసన. అలాంటి రోజుల్లో మా చిన్నాన్న రంగం నుంచి సెలవు మీద వచ్చాడు. రంగూన్ని మా వైపు రంగం అనే అనేవారు. అక్కడ ఒక బియ్యం మిల్లులో గుమాస్తా ఆయన. ఎప్పుడొచ్చినా రంగు కాగితపు గొడుగులు, నున్నటి లక్కపెట్టెలు తెచ్చేవాడు, వచ్చినన్నాళ్ళూ ఇల్లంతా నవ్వులే. ఒక చేత్తో బెల్లం దిమ్మని, ఇంకో చేత్తో నన్ను ఎత్తి, ఏది బరువో చెప్పుకోండి అని వీధిలో అందర్నీ అడిగే మనిషి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయన ఒంట్లో ఏ జబ్బూ ఉన్నట్టు మాలో ఎవరికీ కలలో కూడా తోచలేదని మీకు తెలియాలి.

ఆ మిల్లువాళ్ళు కొత్తగా ఒక నియమం పెట్టారట, సెలవు నుంచి తిరిగి వచ్చేవాళ్ళు ఒళ్ళు బాగుందని డాక్టరుకి చూపించుకుని రావాలని. ఇప్పుడు ఇది పళ్ళు తోముకోవడమంత మామూలు విషయం గాని, అప్పట్లో మా వీధిలో ఈ మాట విన్నవాళ్ళందరూ నోరు తెరిచారు. ఒళ్ళు బాగున్నవాడు ఆసుపత్రి గడప తొక్కడమేమిటి, పడుకున్న దయ్యాన్ని లేపడం కాదా అన్నారు. చిన్నాన్న మాత్రం అనకాపల్లిలో తెలిసిన డాక్టరు ఉన్నాడనీ, ఆయన గుండెల మీద గొట్టం ఆనించి సరే అంటే సాయంకాలానికి ఇంటికి వచ్చేయొచ్చనీ అన్నాడు. మా నాన్నకి ప్రతిదీ పెద్దయెత్తున చేయడం సరదా. విశాఖ పెద్దాసుపత్రిలో లోపలి బొమ్మ తీసే మిషను ఉందట, అక్కడే చూపించాలని పట్టుబట్టాడు. అన్నదమ్ములిద్దరూ రెండు రోజులు వాదించుకున్నారు. మూడోరోజు మామ్మ, అంటే మా నాన్న తల్లి, మీ ఇద్దరి మాటా కాదు, పేరంటాల్ని అడుగుదాం అంది.

పేరంటాలంటే మీలో ఆ వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. పసుపుకుంకాలతో పోయిన ఇంటి ఆడమనిషిని దేవతగా కొలుచుకోవడం మా ఇళ్ళలో ఆనవాయితీ. మా పేరంటాలు మా తాతయ్యకి అక్క. కాపరానికి వెళ్ళిన కొత్తలోనే రొమ్ములో జబ్బుపడి పుట్టింటికి తిరిగొచ్చి, మా నడిమింట్లోనే పోయిందట. ఆ గదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల దీపం ఉంటే తప్ప మనిషి కనిపించేది కాదు. మూలనున్న వెదురు బుట్టలో ఆవిడ చీర, గాజులు ఉండేవి. ఎవరు గట్టిగా అడుగువేసినా నేల కదిలి ఆ గాజులు గలగలమనేవి. ఒక్కోసారి ఎవరూ నడవకపోయినా అనేవి. ఎలకలు అనేవాడు నాన్న, కాని ఆయన కూడా ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళడం నేను చూడలేదు.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. ఎర్రపువ్వు ఒకటి, తెల్లపువ్వు ఒకటి వేరువేరుగా అరిటాకు ముక్కల్లో పొట్లం కట్టి బుట్ట ముందు పెడతారు. ఇంట్లో చిన్నపిల్ల తలారా నీళ్ళు పోసుకుని, తడిబట్టతో వచ్చి ఒక పొట్లం తీస్తుంది. తీసే ముందు పెద్దావిడ గట్టిగా చెప్పాలి, ఫలానావాడికి ఫలానా బాధ, ఏ వైద్యుడి చేతిలో పెట్టమంటావు తల్లీ అని. బాధ చెప్పకుండా అడిగితే పేరంటాలు పలకదు. మా ఇంట్లో పొట్లం తీసే చెయ్యి నాది. అంతకుముందు రెండు మూడుసార్లు నేను తీసినవి కలిసొచ్చాయని, నా చెయ్యి మంచిదని మామ్మ నమ్మకం.

ఆ రోజు ఎర్ర మందారం విశాఖకి, తెల్ల నందివర్ధనం అనకాపల్లికి. నాన్నా చిన్నాన్నా వీధి అరుగు మీద ఉన్నారు. లోపల మామ్మా, నేనూ, ఒక దీపం. తడి లంగా కాళ్ళకి చుట్టుకుని చలికి వణుకుతున్నాను. మామ్మ చిన్నాన్న పేరు చెప్పింది, ఊరు చెప్పింది, అక్కడ ఆగిపోయింది. బాధ ఏమని చెప్పాలి? గుమ్మంలోంచి తొంగిచూసి కేకేసింది.

“ఒరే బాబూ, జబ్బే నేకపోతే అమ్మనేటని అడగమంటావురా?”

“ఏదో ఒకటి సెప్పీమ్మా, అన్నీ ఆవిడికి తెలుసు గదేటి!” అని అరుగు మీంచి నవ్వుతూ అన్నాడు చిన్నాన్న.

మామ్మ మళ్ళీ బుట్ట ముందు కూర్చుంది. కళ్ళు మూసుకుంది. తరువాత వచ్చిన గొంతు ఎప్పుడూ నన్ను కేకలేసే మామ్మ గొంతు కాదు. ఎవరో పక్కన కూర్చుని అందిస్తుంటే చెబుతున్నట్టు, గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

“ఎడం పక్కని రొమ్ములో, పైన, సూదులెట్టి గుచ్చినట్టుందమ్మా. దగ్గు. సందేళయితే ఒళ్ళు ఎచ్చబడతంది.”

ఆ మాట పూర్తయిందో లేదో, అరుగు మీద చిన్నాన్న దగ్గాడు. ఒక్కసారే. నేను కిసుక్కున నవ్వాను, వేళాకోళం చేస్తున్నాడని. మామ్మ నవ్వలేదు. నా మెడ మీద చెయ్యివేసి ముందుకి నెట్టింది, ఆ చెయ్యి నా తడిబట్ట కంటే చల్లగా ఉంది. చేతికందిన పొట్లం తీశాను. విప్పితే ఎర్రపువ్వు.

మామ్మ చెప్పిన ఆ బాధ పేరంటాలిదే. ఆవిడ పడిన బాధ అదేనని, కొత్తకోడలిగా వచ్చినప్పుడు మామ్మ తన అత్తగారి నోట వింది. ఏదో ఒక జబ్బు చెప్పక తప్పనప్పుడు, నాలుక మీదికి అదొచ్చింది. ఇది నాకు చాలా ఏళ్ళ తరువాత అమ్మ చెప్పింది. ఆ పూట నాకు తెలిసిందల్లా, చిన్నాన్న నా జుట్టు పట్టుకుని లాగి, ఎంత పని సేసేవే గుంటా, అనకాపల్లయితే సాయంకాలానికి ఇంటికొచ్చీసేవోణ్ణి అన్నది, ఆ మాట మధ్యలో ఇంకోసారి దగ్గినది.

అన్నదమ్ములిద్దరూ విశాఖ వెళ్ళి, ఒకరాత్రి అక్కడే ఉండి, మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చారు. మామ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది, నేను ఆ పిక్కలు పోగుచేసుకుంటున్నాను. వీధి మలుపులో ముందు నాన్న, వెనక చిన్నాన్న కనిపించారు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు అడగలేదు, మజ్జిగ అడగలేదు. మామ్మ తలెత్తి చూసి ఒక్కటే అడిగింది.

“ఏ పక్కనిరా?”

నాన్న అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు అరుగు మీద ఎవరితోనో మాటల్లో ఉండి, నడిమింట్లో మామ్మ చెప్పింది ఆయన వినలేదు. “ఎడం పక్కనమ్మా, పైన. నీకెవులు సెప్పేరు?” అన్నాడు.

మామ్మ ఒళ్ళోని చింతపండంతా నేల మీదికి జారిపోయింది. లేచి నడిమింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను అరుగు మీదే ఉన్నాను. లోపల గాజుల చప్పుడు వినిపించింది. ఈ వయసులో కూడా ఎక్కడైనా గాజులు తగిలిన చప్పుడు వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

క్షయ. బొమ్మలో రేగుపండంత మచ్చ కనిపించిందట. ఇంకా మొదట్లోనే ఉంది, కొత్తగా సూదిమందులు వచ్చాయి, తప్పకుండా నయమవుతుంది, కొన్నాళ్ళు ఆలస్యం చేసి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు అన్నారట డాక్టరు. గొట్టం పెడితే తెలిసే దశ కాదనీ, అనకాపల్లి వెళ్ళి ఉంటే అంతా బాగుందని చెప్పి ఓడెక్కించేసేవారనీ కూడా అన్నారట. ఈ సంగతి ఊళ్ళో పొక్కింది. పేరంటాలు చూపించి కాపాడిందని ఆడవాళ్ళు పసుపూ గాజులూ పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు, వడ్డాది నుంచి కూడా బళ్ళు కట్టించుకుని వచ్చారు. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకునేవారు కొందరు. నాకు సిగ్గూ, భయమూ, కొంచెం గర్వమూ కలిగేవి.

మామ్మ ఒక్కర్తే దీన్ని కాపాడటం అనుకోలేదు. జబ్బులేని మనిషికి తన నోటితో జబ్బు పెట్టానని, అడిగినదాన్ని పేరంటాలు ఇచ్చిందని, తనకి తెలిసిన జబ్బే ఇచ్చిందని ఆవిడ మనసులో పాతుకుపోయింది. అది నెలల బట్టీ లోపలుందటమ్మా, డాక్టరే చెప్పాడు అని నాన్న ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఆ రోజు దగ్గింది నిన్ను ఏడిపించడానికేనని చిన్నాన్న ఒట్టువేసి చెప్పాడు. దానికి మామ్మ అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది. “ఏళాకోళానికి దగ్గితే ఆగాలి కదరా బాబూ.” నిజమే, ఆ దగ్గు ఆగలేదు. ఆ చలికాలమంతా గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉండేది.

ఆయన ఎక్కవలసిన ఓడ ఆయన లేకుండానే వెళ్ళిపోయింది. నెలల తరబడి సూదులు, పాలు, గుడ్లు, వేరు పళ్ళెం, వేరు గ్లాసు. మామ్మ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నడిమింట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేది. చెవి ఆనించి విన్నాను నేను, పిల్లల బుద్ధి కదా. సంతలో బేరమాడుతున్నట్టు చిన్న గొంతుతో మాట్లాడేది, మధ్యమధ్య ఆగేది, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు. ఒకరోజు హఠాత్తుగా తలుపు తీసి నన్ను చూసింది. తిట్టలేదు. నా చేతులు పసుపునీళ్ళతో కడిగి, ఇంకెప్పుడూ ఎవరడిగినా ఈ చెయ్యి ఇవ్వకే అంది. ఆ తరువాత మా ఇంట్లో పొట్లాలు కట్టలేదు.

చిన్నాన్న కోలుకున్నాడు. మళ్ళీ రంగం వెళ్ళలేదు, ఊళ్ళోనే ఒక బెల్లం వర్తకుడి దగ్గర పనిలో కుదిరి, మనవల్ని ఎత్తుకునేదాకా బతికాడు. ఆయన ఒళ్ళు చేస్తున్నకొద్దీ మామ్మ తగ్గుతూ వచ్చింది. కంగారుపడి అడిగితే, బాగానే ఉన్నాను అనేది. ఆ ఏడాది నుంచి ఆవిడ నోటివెంట ఒక్క జబ్బు పేరు రాలేదు. నాకు చలిజ్వరం వచ్చినా, పిల్ల బడలిందంది గాని జ్వరం అనలేదు. ఇరుగుపొరుగు ఎవరైనా నొప్పులు చెప్పుకోబోతే లేచి వెళ్ళిపోయేది. నేను హైస్కూల్లో చేరిన ఏడు, ఒక ఉదయం మంచం మీంచి లేవలేదు. ఆఖరి స్నానం చేయించిన అమ్మ, నా పెళ్ళయ్యాక చెప్పింది, మామ్మ రొమ్ములో గుప్పెడంత గడ్డ ఉందని, అది ఎన్నాళ్ళనాటిదో, ఎంత బాధపెట్టి ఉంటుందో అని. ఏ పక్కని అని నేను అడగలేదు, అమ్మా చెప్పలేదు.

ఇప్పుడు మాకు రోగాల పేర్లంటే భయం లేదు. కాఫీ తాగుతూ సుగరు ఎంతో, కొలెస్ట్రాలు ఎంతో, ఎవరిది ఎక్కువో చెప్పుకుని నవ్వుకుంటాం. పోయిన ఏడు నా స్నేహితురాలికి అలాంటి గడ్డే కనిపిస్తే, ఆ సాయంకాలమే నలుగురికీ ఫోన్లు చేసి చెప్పింది. ఈ ఏడు లేచి తిరుగుతోంది. మంచిదే, ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కాని ఆవిడ తిరగడం చూసినప్పుడల్లా నాకు మామ్మ మీద చెప్పలేనంత కోపం వస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. విశాఖ అక్కడే ఉంది, ఆసుపత్రీ అక్కడే ఉంది. నాకు ఇక్కడ నొప్పిగా ఉందిరా అని ఒక్కమాట అని ఉంటే, చిన్నాన్న తన తల్లిని భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ తీసుకెళ్ళి ఉండేవాడు.